శనివారం రెండింటికి ఆగిన కాలవ

"ఏందమ్మాయ్, ఈ ఏడాది వారంలో ఆదివారం తీసేశారా?"

సోమవారం పొద్దున నేను పొయ్యి మీంచి ఇడ్లీ పాత్ర దించుతుంటే కరుణమ్మక్క పెరటి గుమ్మంలో నిలబడి అడిగింది. భుజాన పార ఉంది. కాళ్ళకు మాత్రం బురద లేదు. కాలవకు నీళ్ళొదిలిన వారంలో పార ఉండి బురద లేకపోవడం మా ఊళ్ళో మంచి సూచన కాదు.

"ఏమైంది అక్కా?"

"నిన్న రెండున్నరకి తూము కాడికి పోయా. చుక్క లేదు. జహంగీర్ని అడిగితే కాగితంలో నీ పేరు లేదక్కా అన్నాడు. ఆ కాగితం నువ్వే చేస్తావంటగా?"

నేనే చేస్తాను. కాదనడానికి లేదు. పోయిన ఏడు కనపడిన ప్రతివాళ్ళకూ చెప్పుకున్నాను కూడా.

"ఇంకెవరి పేర్లు లేవు?"

"నాది లేదు. ఏసుబాబుది లేదు. దేవానందం గారిది లేదు. అసలు పేట మొత్తం లేదు. శనివారం మధ్యాహ్నం రెండింటికాడ కాగితం అయిపోయింది. గోడ మాత్రం ఇంకా చానా ఉంది."

మా ఊరు నకరికల్లు అవతల, సాగర్ కుడి కాలవ నుంచి చీలిన ఒక పిల్ల కాలవ మీద ఉంది. ఆరుతడి పంటలకు మాకు నీళ్ళు వంతుల వారీగా వస్తాయి. సోమవారం పొద్దున ఆరింటికి మొదటి తూముతో మొదలై, వారమంతా రాత్రీ పగలూ నడిచి, మళ్ళీ సోమవారం ఆరింటికి చివరి తూముతో ముగుస్తుంది. ఎవరి తూము ఎన్నింటికి ఎత్తాలో, ఎన్నింటికి దించాలో ఒక పట్టీ ఉంటుంది. దాన్ని నీటి సంఘం గది గోడకు మైదా జిగురుతో అంటిస్తారు. లస్కరు జహంగీర్ దాన్ని చూసుకుంటూ తూములు ఎత్తుతాడు, దించుతాడు. పై తూములన్నీ ఊళ్ళోవాళ్ళవి. కింది తూములు పేటవాళ్ళవి. కరుణమ్మక్క వంతు ఆదివారం మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు దాకా. ప్రార్థన అయ్యి, ఇంటికొచ్చి, ఇంత తిని, పార భుజాన వేసుకునే వేళ అది. ఆమె మామగారి రోజుల్లో అడిగి మరీ వేయించుకున్నారట.

"చేను ఎట్లా ఉందక్కా?"

"రెండో కాపు పూత మీదుంది. ఎకరం మిరప. పోయిన తడి ఎండలకే ఆవిరైపోయింది. ఇక ఈ వారం వంతొక్కటే ఉంది. ఆ పై సోమవారం నించీ పదిహేను రోజులు కాలవ కట్టేస్తారంట. ఈ ఆదివారం కూడా నీళ్ళు పడకపోతే, పూత నేల మీద ఏరుకోవాల్సిందే." కరుణమ్మక్క పారను గోడకు ఆనించింది. "పెద్దాయన మమ్మల్ని ఎందుకు తీసేశాడో కనుక్కో అమ్మాయ్. నేనడిగితే తగువైద్ది. నువ్వడిగితే చుట్టరికం."

పెద్దాయన అంటే గోపాలకృష్ణయ్య గారు. నీటి సంఘం ప్రెసిడెంటు, మా మామగారికి అన్నగారు, నాకు పెదమావయ్య. మొదటి తూము ఆయనదే.

నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పాలంటే ఆ మంటలో కొంచెం సంతోషం కూడా ఉంది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో పెదమావయ్యను న్యాయంగా నిలదీసే అవకాశం నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఇడ్లీలు మా ఆయన ప్రదీప్ ముందు పెట్టి, చట్నీ ఫ్రిజ్‌లో ఉందని చెప్పి, చీర మార్చుకుని బయల్దేరాను. న్యాయం అడగడానికి నేత చీర కడితే బాగుంటుందనిపించింది.

సంఘం గది కాలవ గట్టు పక్కనే ఉంది. పెదమావయ్య వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నారు. జహంగీర్ మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"పెదమావయ్యా, పేటవాళ్ళ పేర్లు ఎందుకు తీసేశారు?"

ఆయన పేపరు దించారు. "నేనెక్కడ తీసేశానమ్మాయ్? కంప్యూటరే తీసేసింది. ఏదో కారణం ఉండే ఉంటదిలే అనుకున్నా."

"కారణమేంటని అడగలేదా?"

"ఎవర్ని? కంప్యూటర్నా?"

"నేనడిగా తల్లీ," అన్నాడు జహంగీర్. "శనివారం రెండింటికి కాగితం అయిపోయిందయ్యా, ఇప్పుడేం చేయమంటారంటే, మళ్ళా మొదట్నించి ఎత్తరా అన్నారు."

"మొదట్లో ఎవరున్నారు?"

జహంగీర్ టీ గ్లాసులోకి చూశాడు. పెదమావయ్య కండువా సర్దుకున్నారు.

"రెండో తడి నాకు అక్కర్లేదు కూడా," అన్నారు. "చేలో నీళ్ళు నిలబడ్డయ్. కానీ కాగితం అట్టా ఉంటే నేనేం చేసేది? పేటవాళ్ళు ప్రార్థనలో ఉండి రాలేదేమో అని కూడా అనుకున్నా."

నా వెనకే నెమ్మదిగా నడిచొచ్చిన కరుణమ్మక్క అప్పటికి గట్టెక్కింది. "శనివారం రెండింటికి ఏ ప్రార్థన పెద్దాయనా? చెప్పు, నేనూ పోతా."

పెదమావయ్య మళ్ళీ పేపరెత్తారు. నేను విజయగర్వంతో గదిలోకి వెళ్ళి కంప్యూటరు మీద కప్పిన పాత చీర ముక్క తీశాను. పద్దెనిమిదేళ్ళ క్రితం ఎవరో దాత ఇచ్చిన కంప్యూటరు అది. దసరాకు బొట్లు పెట్టించుకుని, మిగతా ఏడాదంతా ఈ ఒక్క పట్టీ అచ్చు వేయడానికే బతుకుతోంది. ఫైలు తెరిచి, ఎవరో చేత్తో కొట్టేసిన గుర్తులు దొరుకుతాయని కుడి చివరిదాకా జరుపుకుంటూ పోయాను.

చివరి గడిలో శనివారం ఒకటిన్నర నుంచి రెండు అని ఉంది. దాని నెత్తిన ఐ, వీ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు. వాటికి కుడి పక్కన ఏమీ లేదు. ఖాళీ గడులు కూడా లేవు. ప్రపంచం అక్కడితో అయిపోయింది.

ఎవరూ కొట్టేయలేదు. ఎక్కడైతే గడులు అయిపోయాయో అక్కడే మనుషులూ అయిపోయారు.

"ఏమైందమ్మాయ్, మొహం అట్టా పెట్టావ్?" అంది కరుణమ్మక్క.

"ఇంటికెళ్ళి ఒకసారి చూసుకొస్తానక్కా," అన్నాను. నేత చీర అప్పటికప్పుడే నలిగిపోయినట్టనిపించింది.

నేను నరసరావుపేటలో బి.యస్సీ కంప్యూటర్స్ చదివాను. ఫస్ట్ క్లాసు. పెళ్ళయ్యాక ఆ డిగ్రీ ఇంట్లో సెల్‌ఫోన్లలో ఫొటోలు తుడవడానికీ, ఆడపడుచు పిల్లలకు హాల్ టికెట్లు తీయడానికీ పనికొచ్చింది. మూడేళ్ళ క్రితం మా అమ్మాయి లిఖిత ఇంజనీరింగ్‌లో చేరి, పైథాన్ నేర్చుకుంటానని ఆన్‌లైన్ కోర్సు ఒకటి కొనిపించుకుంది. అది చూడలేదు. డబ్బు కట్టాం కదా అని నేను చూశాను. కుక్కరు మూడు కూతలు వేసేలోపు ఒక పాఠం అయిపోయేది.

పట్టీని అంతకుముందు పెదమావయ్యే రాసేవారు. చార్టులు వరసగా అంటించి, గంటకో గడి చొప్పున నూట అరవై ఎనిమిది గడులు అడ్డంగా గీసేవారు. కాలవ అడ్డంగా పారుతుంది కాబట్టి పట్టీ కూడా అడ్డంగానే ఉండాలని ఆయన సిద్ధాంతం. రెండేళ్ళ క్రితం చెయ్యి వణకడం మొదలైంది. ఆ మాట ఆయన అనలేదు. "నీకు ఖాళీగానే ఉంటదిగా అమ్మాయ్" అన్నారు.

నేను ఒక ప్రోగ్రాం రాశాను. పేర్లూ వేళలూ ఇస్తే పట్టీ ఫైలు తయారు చేసి ఇస్తుంది. ఫైలు తయారు చేసే కష్టమైన పని నేను చేయలేదు. అందుకు లైబ్రరీ అని ఒకటి దొరుకుతుంది. ఎవరో మహానుభావుడు ముందే నూరి పెట్టిన కారప్పొడి లాంటిది, మనం కూరలో వేసుకోవడమే. సంఘం కంప్యూటరు కొత్త రకం ఫైళ్ళను తెరవదు కాబట్టి, పాత రకం ఫైళ్ళు రాసే లైబ్రరీని వెతికి పట్టుకున్నాను. పోయిన ఏడు పట్టీ ముచ్చటగా వచ్చింది. పెదమావయ్య దాన్ని చూసి "గీతలు తిన్నగా ఉన్నయ్" అన్నారు. ఆయన నోట అది గండపెండేరంతో సమానం.

ఈ ఏడు రెండు మూడు ఇళ్ళలో అన్నదమ్ములు వేరుపడ్డారు. చేలు చిన్నవయ్యాయి. గంట వంతు ఎక్కువవుతోంది, అరగంట చొప్పున వెయ్యమన్నారు. నేను ప్రోగ్రాంలో ఒకచోట అరవై అన్నదాన్ని ముప్ఫై చేశాను. ఇంత తేలికా అని నన్ను నేను మెచ్చుకుని కాఫీ పెట్టుకున్నాను. గంటకో గడి ఉన్నప్పుడు నూట అరవై ఎనిమిది. అరగంటకో గడి అయితే మూడు వందల ముప్ఫై ఆరు. పాత రకం ఫైల్లో అడ్డంగా పట్టేవి రెండు వందల యాభై ఆరే. ఆ లెక్క నాకు తెలియదు.

లైబ్రరీకి తెలుసు. అది చెప్పకుండా ఉండదు కదా, మరి నాకెందుకు చెప్పలేదు?

ఎందుకంటే పోయిన ఏడు ఎక్కడ పేరు ఖాళీగా ఉన్నా ప్రోగ్రాం ఆగిపోయి నా ప్రాణం తీసేది. విసుగొచ్చి ఒక వాక్యం రాశాను: తప్పొస్తే మాట్లాడకుండా ముందుకు పో. కొత్త కోడలికి చెప్పినట్టు చెప్పాను. అది విన్నది.

ఇంటికొచ్చి ఆ వాక్యం తీసేసి మళ్ళీ నడిపించాను. రెండు వందల యాభై ఏడో గడి దగ్గర ఆగింది. ఈ గడికి చోటు లేదు అని ఎర్రక్షరాలతో చెప్పింది. మిగిలినవి ఎనభై. అంటే పోయిన వారం ఇదే మాట నాతో ఎనభైసార్లు చెప్పబోయింది. ఎనభైసార్లూ నోరు మూయించాను. ఆ ఎనభై గడుల్లో ఇరవై మూడు కుటుంబాలున్నాయి.

లిఖితకు ఫోన్ చేశాను.

"ఎర్రర్ మింగేశావా అమ్మా? మా మేడమ్ చూస్తే క్లాసు పీకుద్ది."

"మీ మేడమ్‌కి మిరప చేనుందా? ముందు ఏం చేయాలో చెప్పవే."

"కొత్త ఫార్మాట్‌లో రాయి. పదహారు వేల కాలమ్స్ ఉంటయ్."

"సంఘం కంప్యూటరు తెరవదు."

"కంప్యూటరు మార్చమను."

"మీ పెదతాతయ్యను మార్చడం తేలిక."

"అయితే నిలువుగా పెట్టు. పాత ఫైల్లో కూడా నిలువుగా అరవై ఐదు వేల వరసలు పడతయ్. మీ కాలవ ఎంత పొడుగైనా సరిపోద్ది."

మధ్యాహ్నం పేటకు వెళ్ళాను. కరుణమ్మక్క నులక మంచం మీద కూర్చుని ఏరిన పండుకాయల తొడిమలు చూస్తోంది. నేను పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. గడుల సంగతి, ఎనభైసార్ల సంగతి. పెదమావయ్య తీసేయలేదని, నేనే అని.

ఆమె తొడిమ ఊడిన కాయ ఒకటి తీసి పక్కన పడేసింది.

"నువ్వా?"

"నేనే."

"కావాలని కాదు."

"కావాలని కాదు. కానీ అది చెప్తానంటే నేనే వద్దన్నానక్కా."

"నిన్న మధ్యాహ్నం నించి పెద్దాయన్ని తిట్టుకుంటా ఉన్నా. రాత్రి ప్రార్థనలో కూడా మధ్యలో ఒకటి రెండు దొర్లినయ్. ఇప్పుడా తిట్లు ఎట్టా వెనక్కి తీసుకునేది?"

"ఉంచండి. ఆయనకు ఎప్పుడో ఒకప్పుడు సరిపోతాయి."

కరుణమ్మక్క నవ్వింది. కానీ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "తప్పు ఎవరిదైతే నాకేంది అమ్మాయ్. నా చేనుకు అది తెలవదు. ఆదివారం రెండున్నరకి తూము లేచిద్దా లేవదా, అది చెప్పు."

"లేస్తుంది," అన్నాను. అనేశాక భయమేసింది.

మంగళవారం నిలువు పట్టీ తీసుకుని సంఘం గదికి వెళ్ళాను. ముందు తప్పు నాదేనని చెప్పాను. పెదమావయ్యకు నమ్మకం కలగలేదు.

"కంప్యూటరుది కాదా?"

"కాదు. అది చెప్పబోయింది. నేను వినలేదు."

"ఊఁ," అన్నారు. "మరి ఆ నీళ్ళు నేను పెట్టుకున్నానే" అని తనలో తను అనుకున్నారు. అయితే నిలువు పట్టీ చూడగానే ఆ మెత్తదనం పోయింది. "కాలవ నిలువునా పారుద్దా అమ్మాయ్? బోరు బావి అనుకున్నావా? జహంగీరు పైనించి కిందకి చదువుకుంటా గట్టెంబడి ఎట్టా పోతాడు? పట్టీ కాలవలాగే ఉండాల. నలభై ఏళ్ళ నించి అంతే."

సరే, అడ్డంగానే ఉండాలంటే ఒక పట్టీని రెండు షీట్లు చేయాలి. బుధవారం ఫైల్లో రెండు షీట్లు పెట్టాను. శనివారం రెండింటి దాకా మొదటి దాంట్లో, మిగతాది రెండో దాంట్లో. చెప్పొచ్చాను కూడా, రెండూ అచ్చు వేయండి అని. పెదమావయ్య తలూపారు. గురువారం వెళ్ళి చూస్తే గోడ మీద పట్టీ మళ్ళీ శనివారం రెండింటికే ఆగింది.

"రెండోది ఏదండీ?"

"రెండోది ఏంది?"

ఫైలు తెరిస్తే షీట్ల పేర్లు తెర కింది అంచున కనపడతాయి. సంఘం కంప్యూటరు తెరకు సరిగ్గా ఆ అంచునే దేవుడి స్టిక్కరు అంటించి ఉంది. స్వామి పాదాల వెనక ఇరవై మూడు కుటుంబాలు దాక్కున్నాయి. తీయమంటే పెదమావయ్య నా వైపు చూసిన చూపుకు నేనే రెండడుగులు వెనక్కి వేశాను. రెండో షీటు నేనే అచ్చు వేద్దామంటే అచ్చు మిషను తాళం ఆయన మొలతాడుకు ఉంటుంది. ఆ రోజుకు కాగితం కోటా అయిపోయిందన్నారు.

కాలవ గట్టు మీద నడుచుకుంటూ ఇంటికొస్తుంటే ఒక సంగతి తట్టింది. ఈ రోజు స్టిక్కరు. రేపు ఇంకోటి. కాగితం అయిపోవచ్చు, కరెంటు పోవచ్చు, పెదమావయ్యకు భోజనం వేళ కావచ్చు. ఏది జరిగినా తెగేది చివర. మా పట్టీలో చివరంటే ఎప్పుడూ పేటే. వాళ్ళ పేరు లేకపోతే వాళ్ళు నడిచొచ్చి, గోడ చూసి, ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, పెరటి గుమ్మంలో నిలబడి అడగాలి. గడులు ఎన్ని పట్టాలన్నది ఫైలు ఇష్టం. చివరి గడిలో ఎవరిని కూర్చోబెట్టాలన్నది మన ఇష్టం.

కాలవలో నీళ్ళు నా ఎడమ పక్కన పారుతున్నాయి. ఆగి, సంఘం గది వైపు తిరిగి చూశాను. గోడను చూశాను, కాలవను చూశాను. నవ్వొచ్చింది. గట్టు మీద ఒంటరిగా నవ్వడం బాగుండదని కొంగు అడ్డం పెట్టుకున్నాను.

శుక్రవారం పొద్దున పెదమావయ్యను పట్టీ ముందు నిలబెట్టాను.

"పట్టీ కాలవలాగే ఉండాలి కదండీ?"

"అంతేగా మరి."

"గోడకేసి చూస్తూ నిలబడండి. ఇప్పుడు మీ వీపు వెనక కాలవ ఎటునుంచి ఎటు పారుతోంది?"

ఆయన మెడ తిప్పి కాలవను చూశారు. మళ్ళీ గోడను చూశారు. ఎడమ చెయ్యి ఎత్తారు, దించారు, కుడి చెయ్యి ఎత్తారు.

"కుడి నించి ఎడమకి అయ్యా," అన్నాడు జహంగీర్ మెట్ల మీంచి. "మొదటి తూము మీ కుడి చెయ్యి వైపు. పేట ఎడమ వైపు."

"ఒరేయ్, నలభై ఏళ్ళు తలకిందులుగా రాశానంటావా?"

"తలకిందులు కాదండీ," అన్నాను. "అద్దంలో చూసినట్టు రాశారు."

పెదమావయ్య వరండా దిగి గట్టు మీద నిలబడ్డారు. నీళ్ళను చాలాసేపు చూశారు. ఆయన మీద నాకు ఎన్ని ఫిర్యాదులున్నా ఒక సంగతి ఒప్పుకోవాలి, కాలవ విషయంలో ఆయన అబద్ధమాడరు.

"కాలవ ఎట్టుంటే పట్టీ అట్టే," అన్నారు. "తిప్పెయ్. జహంగీరూ, నీకు చదవడానికి కష్టమా?"

"నాకేం కష్టమయ్యా? మదరసాలో ఉర్దూ చదివినోణ్ణి. కుడి నించి మొదలెట్టడం నాకు చిన్నప్పుడే వచ్చు."

వంతుల వేళలు ఒక్కటి కూడా మారలేదు. కాగితం మీద దిక్కు మారింది, అంతే. పేటవాళ్ళ ఆదివారం ఇప్పుడు మొదటి గడుల్లోకి వచ్చింది. అక్కణ్ణుంచి వెనక్కి శనివారం, శుక్రవారం, అట్లా రెండు వందల యాభై ఆరు గడులు మొదటి షీట్లో. మిగిలిన ఎనభై, అంటే సోమవారం పొద్దున ఆరు నుంచి మంగళవారం రాత్రి పది దాకా, రెండో షీట్లో. అన్నిటికంటే చివరి గడుల్లో, రెండో షీటు కుడి కొసన, సోమవారం ఆరు నుంచి తొమ్మిది. గోపాలకృష్ణయ్య గారు.

ప్రోగ్రాంలో కూడా ఆ పాత వాక్యం స్థానంలో ఇంకోటి రాశాను. ఎవరైనా పట్టకపోతే ఫైలే తయారు కాదు. ఎవరెవరు పట్టలేదో పేరుపేరునా తెర మీద కనపడుతుంది. కోడలికి నోరొచ్చింది.

ఫైలు ఇచ్చి, "రెండు షీట్లున్నాయండీ" అని చెప్పి ఇంటికొచ్చాను. ఈసారి గట్టిగా చెప్పలేదు. మామూలుగానే చెప్పాను. కాఫీ పెట్టుకుని వరండాలో గడియారం ఎదురుగా కూర్చున్నాను. పదకొండుంపావుకు సంఘం గదిలో అచ్చు మిషను కీచుమనడం ఇంటిదాకా వినపడింది. పదకొండున్నరకు ఆగింది. పదకొండూ ముప్ఫై ఏడుకు పెదమావయ్య మా గేటు తీశారు. ఆ మనిషి అంత వేగంగా నడవగలరని నాకు తెలియదు.

"అమ్మాయ్! పట్టీలో నా పేరు లేదు!"

"అయ్యో," అన్నాను. "కంప్యూటరు తీసేసిందేమోనండీ. ఏదో కారణం ఉండే ఉంటది."

ఆయన నా మొహం చూశారు. తన మాట తనకే తిరిగొచ్చిందని తెలియడానికి ఒక్క క్షణం పట్టింది. తిడతారనుకున్నాను. అరుగు మీద కూర్చుని కండువాతో మొహం తుడుచుకున్నారు.

"మంచినీళ్ళియ్యి," అన్నారు. తాగి, గ్లాసు కింద పెట్టి, "నా వంతు ఈ వారం ఎప్పుడో అయిపోయింది. సోమవారమే తడి పెట్టుకున్నా. అయినా పేరు కనపడకపోతే ప్రాణం లేచిపోయిందే అమ్మాయ్."

నేను గ్లాసు తీసి పక్కన పెట్టాను.

"ఆ కరుణమ్మ చేను ఇంకా ఎండలోనే ఉందిగా," అన్నారు లేస్తూ.

ఇద్దరం కలిసి సంఘం గదికి వెళ్ళాం. స్టిక్కర్ని ఆయనే గోటితో మెల్లగా లేపి, కళ్ళకద్దుకుని, తెర పై అంచున అంటించారు. స్వామి లేచేసరికి కింద రెండో షీటు పేరు కనపడింది. మొలతాడు తాళం తీశారు. కాగితం కోటా గురించి ఎవరూ మాట్లాడలేదు. మధ్యాహ్నానికి గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండిపోయింది. ఎడమ కొస నుంచి తొమ్మిదో పేరు కరుణమ్మక్కది.

శనివారం రెండింటికి ఇంకా ఐదు నిమిషాలుందనగా, పెదమావయ్య గొడుగు వేసుకుని కింది తూముల దగ్గరికి నడిచి వెళ్ళారట. రెండింటికి తూము ఎత్తేదాకా జహంగీర్ పక్కనే నిలబడ్డారట. ఆదివారం రెండున్నరకూ వెళ్ళారట. జహంగీర్ చెప్పాడు. "తూము నేనెత్తాల్సిందే తల్లీ, కానీ ఆయన కూడా చెయ్యేశారు. బరువేం తగ్గలా. వద్దనడం బాగుండదని ఊరుకున్నా."

సోమవారం పొద్దున గచ్చు కడిగి పది నిమిషాలు కాలేదు, కరుణమ్మక్క పెరటి గుమ్మంలో నిలబడింది. భుజాన పార. మోకాళ్ళ దాకా బురద, ఎండి పొలుసులు కడుతోంది.

"తడిసిందా అక్కా?"

"గట్లు కూడా తడిసినయ్. ఒక పట్టెడు పూత రాలింది, అది ఎట్టాగూ రాలేదే. మిగతాది నిలబడుద్ది." లోపలికొచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చుంది. "పెద్దాయన పేరు చిట్టచివర్న ఏశావంట. ఊరంతా చెప్పుకుంటన్నారు."

"కాలవ అట్లాగే పారుతుందక్కా. నేనేం చేసేది?"

"అవునవును. కాలవది తప్పు." ఆమె కొంగుతో నోరు మూసుకుంది. "మరి నా కాడ మిగిలిపోయిన తిట్లు?"

"ఉంచండి. కాలవ కట్టేసింది పదిహేను రోజులే కదా, మళ్ళీ పనికొస్తాయి."

ఇడ్లీ తిని, టీ తాగి వెళ్ళింది. గచ్చు మీద పెరటి గుమ్మం నుంచి స్తంభం దాకా, స్తంభం నుంచి గుమ్మం దాకా బురద అడుగులు పడ్డాయి. మధ్యాహ్నం దాకా కడగలేదు. ప్రదీప్ చూసి, ఈ మధ్య నీకు బద్ధకం ఎక్కువైంది అన్నాడు. అనుకోనిచ్చాను.